కోత కనిపించకపోవచ్చు, నరం మాత్రం అక్కడే ఉంటుంది

సంపాదకులకు,

ఎండోస్కోపుతో, అంటే చెవి కాలువలోకి పంపి లోపల చూసే సన్నటి కడ్డీతో, చేసే చెవి ఆపరేషన్ల గురించి ఈ మధ్య ఆరోగ్యం పేజీల్లో, ప్రకటనల్లో తరచుగా చదువుతున్నాం. చెవి వెనక కోత ఉండదు, కుట్లు ఉండవు, నొప్పి తక్కువ, త్వరగా ఇంటికి వెళ్లొచ్చు అంటున్నారు. వీటిలో చాలావరకు నిజమే. అయితే ఇదే వరసలో, బయట కోత లేదు కాబట్టి లోపల నరాలకూ ప్రమాదం లేదన్న మాట కూడా చేరిపోతోంది. అది తప్పు. మధ్య చెవిలో నరాలు ఏ దారిన పోతాయన్నది మనం మైక్రోస్కోపు వాడామా, ఎండోస్కోపు వాడామా అన్నదాన్ని బట్టి మారదు. మారేది ఒకటే: ఏ నరం ఎంత బాగా కనబడుతుంది, ఏ నరం మన చూపు వెనక్కి పోతుంది అన్నది. ఈ తేడా తెలియకుండా రోగి సంతకం పెట్టడమూ మంచిది కాదు, కొత్తగా ఈ పద్ధతి నేర్చుకునే డాక్టరు చెయ్యి పెట్టడమూ మంచిది కాదు.

ముందు ముఖ నరం సంగతి చూద్దాం. మెదడు కాండం దగ్గర మొదలై, చెవి ఎముక గుండా సన్నటి ఎముక గొట్టంలో ప్రయాణించి, చెవితమ్మె వెనక కింది భాగంలో బయటికొచ్చి, ముఖంలో ఆ పక్కన హావభావాలు పలికించే కండరాలన్నిటికీ వెళ్లే నరం ఇది. నుదురు ముడవాలన్నా, కన్ను మూయాలన్నా, నవ్వాలన్నా, నీళ్లు పుక్కిలించాలన్నా ఇదే ఆధారం. శరీరంలో ఇంత దూరం ఎముక గొట్టంలో నడిచే నరం మరొకటి లేదు. మధ్య చెవి గోడ వెంబడి ముందు నుంచి వెనక్కి సాగే భాగం 8 నుంచి 11 మిల్లీమీటర్లు. ఆ తర్వాత అది ఒక వంపు తిరిగి కిందికి దిగుతుంది. చెవి కాలువలోంచి ఎండోస్కోపు పెట్టినప్పుడు మన ముందుండేది ప్రధానంగా ఈ అడ్డంగా నడిచే భాగమూ, ఆ వంపూ.

ఆ 8–11 మిల్లీమీటర్ల దారిలో ఏం ఉన్నాయో చూడండి. ముందు చివర, కర్ణభేరిని బిగించే కండరపు స్నాయువు బయటికొచ్చే చిన్న ఎముక ముక్కు ఉంటుంది. దాన్ని కాక్లియరిఫార్మ్ ప్రాసెస్ అంటారు. నరం దానికి సరిగ్గా పైన, కాస్త లోపలగా ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చి శబ్దాన్ని లోపలి చెవికి చేర్చే స్టేపిస్ అనే చిన్న ఎముక కూర్చునే ఓవల్ కిటికీకి పైన వాలుతుంది. స్టేపిస్ పాదం పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, వెడల్పు ఒకటిన్నర లోపే. అంటే నరానికీ, వినికిడికి ప్రాణమైన ఎముకకూ మధ్య పరికరం కొన పట్టేంత జాగా కూడా చాలా చెవుల్లో ఉండదు. ఇంకా వెనక్కి వస్తే నరానికి పైన, సమతౌల్యం చూసే అడ్డ అర్ధవృత్తాకార కాలువ ఉబ్బుగా కనబడుతుంది. దాని కిందే నరం వంపు తిరుగుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. ఈ గొట్టానికి ఎముక కప్పు అన్ని చెవుల్లోనూ పూర్తిగా ఉండదు. చనిపోయినవారి చెవి ఎముకలను సన్నటి ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూసిన అధ్యయనాల్లో, సగానికి పైగా చెవుల్లో ఎక్కడో ఒకచోట ఈ కప్పుకు ఖాళీ కనబడింది. ఎక్కువగా ఓవల్ కిటికీకి సరిగ్గా పైనే. ఆపరేషన్ టేబుల్ మీద కంటికి కనబడే ఖాళీల శాతం అంతకంటే చాలా తక్కువే. ఎందుకంటే చాలా ఖాళీలు మిల్లీమీటరు కంటే చిన్నవి, పైగా పలుచటి జిగురుపొర కింద దాగి ఉంటాయి. ఉన్నచోట కూడా ఆ కప్పు కొన్నిసార్లు ఉల్లిపొరంత పలచన. ఇది రోగం వల్ల వచ్చింది కాదు, పుట్టుకతో ఉండేదే. దానికి తోడు ఏళ్ల తరబడి చీము కారే చెవిలో, ముఖ్యంగా కొలెస్టియటోమాలో (మధ్య చెవిలో చర్మం సంచిలా పెరిగే జబ్బు), ఎముక మరింత తినేసి ఉంటుంది. అప్పుడు తెల్లటి చర్మపు సంచి గోడ నేరుగా నరానికి అతుక్కుని కూర్చుంటుంది.

కాబట్టి నరాన్ని కప్పి ఎముక ఉందనుకుని పని మొదలుపెట్టడం కంటే, ఎముక లేదనుకుని మొదలుపెట్టడమే సరైన పద్ధతి. సంచిని ఒలిచేటప్పుడు పట్టి లాగకూడదు. నరం సాగే దిశలోనే, ముందు నుంచి వెనక్కో వెనక నుంచి ముందుకో, మొద్దు పరికరంతో దాని పక్కనే నడపాలి. అడ్డంగా గీకితే తంతువులు తెగుతాయి. ఓవల్ కిటికీ పైన గులాబీ రంగులో మెత్తగా ఉబ్బిన దేనినైనా, అది ఏమిటో తేలేదాకా నరమనే భావించాలి. వాచిన కణజాలం అనుకుని కత్తెర పెట్టి, తర్వాత పశ్చాత్తాపపడే సందర్భాలు సరిగ్గా ఇక్కడే వస్తాయి. నరం మీద నేరుగా సక్షన్ పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే సన్నటి గొట్టం, కనిష్ఠ పీడనం, మధ్యలో తడి దూది. విద్యుత్తుతో కాల్చి రక్తం ఆపే పరికరాల్లో మోనోపోలార్ కాటరీ ఆ ప్రాంతానికి అసలు పనికిరాదు. బైపోలార్ అయినా తక్కువ శక్తి మీద, తడిపి, నరానికి దూరంగా. డ్రిల్ వాడితే డైమండ్ బర్ (వజ్రపు పొడి అద్దిన కొన), ఆగకుండా నీళ్లు, నరం పొడవునా నడిచే కదలిక. నరాన్ని బర్ తాకకపోయినా దాని వేడి ఎముకలోంచి నరాన్ని చేరుతుంది. నీళ్లు ఆగిపోయిన కొద్ది సెకన్లలోనే ఆ నష్టం జరిగిపోవచ్చు.

కొద్దిమందిలో నరం దారే వేరుగా ఉంటుంది. రెండు పాయలుగా చీలవచ్చు, ఓవల్ కిటికీ మీదికి వాలిపోవచ్చు, అరుదుగా దాని కింద నుంచి పోవచ్చు. స్టేపిస్ ఆకారం వికారంగా ఉందంటే నరం కూడా తప్పు దారిలో ఉందేమోనని అనుమానించాలి. పిండ దశలో ఈ రెండూ పక్కపక్కనే రూపుదిద్దుకుంటాయి గనక ఒకటి చెడితే రెండోదీ చెడే అవకాశం ఉంటుంది. స్టేపిస్ ఆపరేషన్‌లో నరం కిటికీని సగం మించి కప్పేసి కనిపిస్తే, దాన్ని పక్కకు నెట్టి స్టేపిస్ బదులు పెట్టే పిస్టన్ దూర్చడం కంటే ఆపేసి వినికిడి యంత్రం గురించి మాట్లాడటం చాలాసార్లు తెలివైన పని. అలా ఆపినందుకు ఏ సర్జనూ చిన్నబోనక్కర్లేదు.

ఇప్పుడు ఎండోస్కోపు ఏం మారుస్తుందో చెప్పాలి. మైక్రోస్కోపు చెవి బయట నుంచి నిటారుగా చూస్తుంది. చెవి కాలువ ఎంత ఇరుకైతే చూపు అంత ఇరుకు. మూలలు చూడాలంటే ఎముక తొలచాలి. ఎండోస్కోపు సాధారణంగా 3 మిల్లీమీటర్ల వ్యాసం, 14 సెంటీమీటర్ల పొడవున్న కడ్డీ. కన్ను దాని కొనలోనే ఉంటుంది. 0 డిగ్రీలది నేరుగా, 30, 45 డిగ్రీలవి పక్కకి వంగి చూస్తాయి. కాబట్టి మధ్య చెవి పై అరలో కాక్లియరిఫార్మ్ ప్రాసెస్ నుంచి వంపు దాకా నరం దారి మొత్తాన్ని, ఎముక పెద్దగా తియ్యకుండానే ఒకే తెర మీద చూడొచ్చు. ఇది నిజమైన లాభం. నరాన్ని గుర్తించి కాపాడుకోవడం, దాన్ని ఊహించి తప్పించుకోవడం కంటే ఎప్పుడూ మేలే.

లాభం అంతటితో ఆగదు గాని, నష్టం కూడా ఆ కడ్డీలోనే ఉంది. కన్ను కొనలో ఉంది కాబట్టి కొనకు ముందున్నదే కనబడుతుంది. కొన దాటి వెనకున్నది ఏదీ తెర మీదకు రాదు. ఎండోస్కోపును కర్ణభేరి అంచు దాటి లోపలికి పంపినప్పుడు, నాలుక రుచిని మోసే రుచి నరం (దాని సంగతి కింద చెబుతాం) ఆ కడ్డీ పక్కనే, కొన వెనక, చూపుకు అందని చోట ఉండిపోతుంది. లోపల ఓవల్ కిటికీ దగ్గర శ్రద్ధగా పనిచేస్తున్న సర్జనుకు, బయట కడ్డీ ఆ నరాన్ని రాస్తున్న సంగతి తెలియదు. పరికరాల విషయమూ అంతే. వంకర పరికరం కొన తెర మీద అందంగా కనబడుతూ ఉంటుంది. దాని మెడ ఎక్కడ ఆనిందో కనబడదు. అందుకే కడ్డీ లోపలికి వెళ్లే ప్రతిసారీ, వచ్చే ప్రతిసారీ నెమ్మదిగా, దారి పొడవునా తెర చూస్తూ కదపాలి. లోపలికి తోసేశాక తెర వైపు చూడటం మొదలుపెట్టే అలవాటు ప్రమాదకరం.

రెండోది, ఒక చెయ్యి కడ్డీకి పోతుంది. మిగిలిన ఒక్క చేత్తోనే రక్తం తుడవాలి, సంచి ఒలవాలి, అతుకు సర్దాలి. మైక్రోస్కోపు కింద ఎడమ చేతిలో సక్షన్, కుడి చేతిలో పరికరం ఉంటాయి. ఇక్కడ ఆ వీలు లేదు. రక్తం వస్తే చూపు పోతుంది, చూపు పోతే నరం పోవచ్చు. కాబట్టి నరం భద్రత ఆపరేషన్ మొదలుకాకముందే, మత్తు డాక్టరుతో కుదిరే ఒప్పందంలో మొదలవుతుంది. తల వైపు టేబుల్‌ను 15–20 డిగ్రీలు ఎత్తడం, నాడి నిమిషానికి 60 దగ్గర్లో ఉంచడం, రక్తపోటును రోగి తట్టుకునే మేరకు తగ్గించి ఉంచడం అవసరం. 2 లక్షల్లో 1 పాలు అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ అనే స్థానిక మత్తు మందును చెవి కాలువ చర్మంలోకి మెల్లగా ఎక్కించి, అది పనిచెయ్యడానికి కనీసం 10 నిమిషాలు ఆగాలి. లోపల 1000లో 1 పాలు అడ్రినలిన్‌లో తడిపిన చిన్న దూది ముక్కలు పెట్టి ఓపిక పట్టాలి. ఈ రెండు సీసాల విషయంలో తికమక పడితే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది ఇంజెక్షన్‌గా ఇచ్చేది కాదు. రంగు చీటీ అంటించి, వేరే గిన్నెలో ఉంచాలి. ఇంత చేసినా రక్తం ఆగకపోతే ఆ రోజుకు మైక్రోస్కోపుకు మారడమే మంచిది. చెవి వెనక కోత పెట్టాల్సి వస్తే పెట్టొచ్చని ముందే రోగి సమ్మతి తీసుకోవడం అందుకే.

మూడోది లోతు. తెర మీద బొమ్మ ఒకే కంటి బొమ్మ. ముందుంది వెనకుంది అన్నది నీడల్ని బట్టి, పరికరాన్ని కదిపి చూసి అంచనా కట్టాలి. దానికి తోడు 30, 45 డిగ్రీల కడ్డీల్లో తెర మీద మధ్యలో కనబడేది కడ్డీకి ఎదురుగా ఉండదు, పక్కన ఉంటుంది. కొత్తవాళ్లు మొదట్లో 0 డిగ్రీలతోనే పని పూర్తి చేసి, వంగిన కడ్డీని చూడటానికి మాత్రమే వాడి, దాని కింద పరికరం నడపడం తర్వాత నేర్చుకోవడం మంచిదని మా అభిప్రాయం. శవ ఎముకల మీద అభ్యాసం లేకుండా 45 డిగ్రీల కింద ముఖ నరం పక్కన సంచి ఒలవడానికి దిగడాన్ని ధైర్యం అనలేం.

నాలుగోది వేడి. చాలామంది దీన్ని పట్టించుకోరు. కాంతి కడ్డీ కొనలోంచే వస్తుంది, దాంతో పాటు వేడీ వస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లోనే కొన వేడెక్కుతుంది. జీనాన్ దీపంతో ఎక్కువ, ఎల్‌ఈడీతో తక్కువ. తీవ్రతను సగానికి లోపే పెట్టుకోవాలి. మంచి కెమెరా ఉంటే ఆ వెలుతురు సరిపోతుంది కూడా. ఎముక కప్పు లేని నరానికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో కడ్డీని కదపకుండా ఆపి ఉంచకూడదు. తరచు బయటికి తీసి కొన తుడవడం వల్ల చూపు తేటపడుతుంది, చల్లబడుతుంది కూడా. లోపల సక్షన్ నడుస్తుంటే గాలి కదలిక వల్ల వేడి తగ్గుతుంది. కొనను నరానికి గాని స్టేపిస్‌కు గాని తగలనివ్వకూడదన్నది చెప్పనక్కర్లేదు. రోగి ఒక్కసారి దగ్గినా తల కదిలినా ఆ కడ్డీయే ఆయుధమవుతుంది. స్థానిక మత్తు మీద ఈ ఆపరేషన్ చేసేవారు ఈ ఒక్క కారణానికైనా రోగిని జాగ్రత్తగా ఎంచుకోవాలి.

చెవి కాలువను వెడల్పు చేసే పని గురించి ఒక మాట. ఎండోస్కోపు వచ్చాక దీని అవసరం తగ్గింది, కానీ ముందు గోడ ఉబ్బుగా ఉన్నవాళ్లలో, బాగా ఇరుకు కాలువ ఉన్నవాళ్లలో డ్రిల్ తప్పదు. కాలువ వెనక గోడ కింది భాగంలో, ముఖ నరం నిలువుగా దిగేటప్పుడు చాలా చెవుల్లో కర్ణభేరి అంచు కంటే బయటగా ఉంటుంది. కర్ణభేరి అంచు దాటలేదు కదా, నరం ఇంకా లోపలెక్కడో ఉందనుకుని అక్కడ డ్రిల్ పెడితే దెబ్బ తగులుతుంది. వెనక-కింది మూలలో ఎముక తీయడం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

మధ్య చెవి వెనక గోడలో సైనస్ టింపానీ అనే గుంట ఉంటుంది. కొలెస్టియటోమా మిగిలిపోయి మళ్లీ పెరగడానికి ఇది పేరుపొందిన చోటు. ఈ గుంట ముఖ నరానికి లోపలి వైపున ఉంటుంది కాబట్టి చెవి వెనక నుంచి తొలిచి చేరడం కష్టం. చెవి కాలువలోంచి 30 లేదా 45 డిగ్రీల ఎండోస్కోపుతో నేరుగా కనబడుతుంది. ఎండోస్కోపు నిజంగా తన విలువ నిరూపించుకునేది ఇక్కడే అని మేమనుకుంటాం. కాకపోతే గుంట లోతు మనిషికో రకం. లోతు తక్కువగా ఉంటే మొత్తం శుభ్రం చెయ్యొచ్చు. నరం దాటి వెనక్కి చొచ్చుకుపోయిన లోతైన గుంటలో మాత్రం అడుగు కనబడదు. అక్కడ వంకర పరికరంతో కళ్లు మూసుకుని గీకడం మాని, నరం వెనక నుంచి వెళ్లే దారి ఆలోచించడమో, కొన్ని నెలల తర్వాత మళ్లీ తెరిచి చూడటమో చెయ్యాలి. సీటీ స్కాన్ అడ్డకోతలో ఈ లోతు ముందే తెలుస్తుంది. ఆపరేషన్‌కు ముందు ఆ ఒక్క చిత్రం చూడకుండా వెళ్లేవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

స్కాన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: చెవి ఎముక సీటీ అర మిల్లీమీటరు లేదా అంతకు దగ్గరి కోతలతో తీయించాలి. నరం దారి, వంపు, అడ్డ కాలువకు కన్నం పడిందా, ఓవల్ కిటికీ మీద మెత్తటి ముద్ద ఉందా అన్నవి రెండు కోణాల్లో చూడాలి. అయితే నరం మీద ఎముక ఉందని స్కాన్ చెప్పినా నమ్మి నిశ్చింతగా ఉండకూడదు. అంత పలుచటి పొర విషయంలో స్కాన్ రెండు వైపులా పొరపడుతుంది.

ఇక రుచి నరం. కార్డా టింపానీ అంటారు. రోగులకు ఎవరూ చెప్పని నరం ఇదే. ముఖ నరం చెవి కింద బయటికి వెళ్లడానికి కొన్ని మిల్లీమీటర్ల ముందు దాన్నుంచి విడిపోయి, వెనక్కి తిరిగి పైకెక్కి, మధ్య చెవిలోకి కర్ణభేరి వెనక అంచు దగ్గర ప్రవేశిస్తుంది. ఇంకస్ అనే చిన్న ఎముక పొడుగు కాడకు బయట వైపుగా, మాలియస్ అనే మరో చిన్న ఎముక మెడకు లోపలి వైపుగా గాలిలో వేలాడుతున్నట్టు దాటి, ముందు వైపు సన్నటి చీలికలోంచి బయటపడి నాలుక నరంతో కలుస్తుంది. నాలుక ముందు మూడింట రెండు వంతుల రుచి, దవడ కింది, నాలుక కింది లాలాజల గ్రంథులకు వెళ్లే సంకేతాలు దీనిలోనే పోతాయి. దీన్ని కప్పే ఎముక మధ్య చెవిలో అసలు ఉండదు. కర్ణభేరిని ఎత్తే ప్రతి ఆపరేషన్‌లోనూ ఇది దారికి అడ్డంగానే ఉంటుంది.

దెబ్బ తగిలే చోట్లు తెలిసినవే. మొదటిది, కర్ణభేరి అంచును దాని గాడిలోంచి లేపే క్షణం. వెనక-పై మూలలో మొదలుపెడితే పరికరం కొన నేరుగా నరం మీదికే వెళ్తుంది. కాస్త కిందగా మధ్య చెవిలోకి ప్రవేశించి, తర్వాత పైకి వస్తే నరం కనబడ్డాకే దాన్ని చేరతాం. రెండోది, స్టేపిస్ కనబడటానికి కాలువ పై-వెనక అంచు ఎముకను క్యురెట్‌తో (చిన్న చెంచా లాంటి పరికరంతో) గీకే ఘట్టం. క్యురెట్ కదలిక నరం నుంచి దూరంగా, లోపలి నుంచి బయటికి ఉండాలి. జారితే బయటికే జారాలి. మూడోది ఎండిపోవడం. గంటల తరబడి వెలుతురు, సక్షన్ గాలి మధ్య తడి లేకుండా వదిలేసిన నరం తెగకపోయినా దెబ్బతింటుంది. అప్పుడప్పుడు రెండు చుక్కల సెలైన్ వేస్తే చాలు.

ఇక్కడ ఎండోస్కోపుకు నిజాయితీగా మార్కులు ఇవ్వాలి. పక్కకి చూడగలదు కాబట్టి ఆ అంచు ఎముకను తక్కువ గీకితే సరిపోతుంది, నరాన్ని తక్కువగా పక్కకి నెట్టాల్సి వస్తుంది. స్టేపిస్ ఆపరేషన్లలో మైక్రోస్కోపుతో పోల్చి చూసిన అధ్యయనాల్లో రుచి ఫిర్యాదులు ఎండోస్కోపు వైపు తక్కువగా కనిపించాయి. తక్కువ అంటే సున్నా అని కాదు.

సాగిపోయిన నరం మంచిదా, తెగిన నరం మంచిదా అన్న వాదన సర్జన్ల మధ్య చాలాకాలంగా ఉంది. బాగా సాగి నలిగిన నరం తప్పుడు సంకేతాలు పంపి నోట్లో లోహపు రుచి తెప్పిస్తుంటే, శుభ్రంగా తెగిన నరం మౌనంగా ఉండిపోతుందని కొందరి వాదన. అందుకని కాపాడగలిగిన నరాన్ని కొయ్యడం మాకు సమ్మతం కాదు. ఎక్కువమందిలో ఫిర్యాదులు కొన్ని నెలల్లో, ఏడాదిలోపు తగ్గుతాయి. కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఏళ్ల తరబడి చీము కారిన చెవిలో ఈ నరం అప్పటికే నీరసించి ఉంటుంది, దెబ్బ తగిలినా రోగి పెద్దగా గమనించడు. ఓటోస్క్లెరోసిస్‌కు (స్టేపిస్ బిగుసుకుపోయి వినికిడి తగ్గే జబ్బుకు) స్టేపిస్ ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో నరం ఆరోగ్యంగా ఉంటుంది. చిన్న దెబ్బకే తినే తిండి అంతా ఇనుము నమిలినట్టుందని వాళ్లే ఎక్కువగా వచ్చి చెబుతారు. ఇలాంటి రోగికి రెండో చెవికి కూడా ఆపరేషన్ అవసరమైతే, మొదటి వైపు రుచి తిరిగొచ్చిందో లేదో పరీక్షించకుండా రెండో వైపు ముట్టుకోకూడదు. రెండు వైపులా పోతే రుచి తగ్గడమే గాక నోరు ఎండిపోవడం శాశ్వతంగా మిగలొచ్చు. రుచి చూసి బతికేవారు, వంటవారు, టీ రుచి పరీక్షకులు, ఈ మాట ముందే వినాల్సినవారు.

మిగిలిన నరాలు చిన్నవి. లోపలి చెవి ఉబ్బు మీద అల్లుకునే జాకబ్‌సన్ నరం తెగితే పెద్ద నష్టం ఉండదు, దాని వెంట నడిచే చిన్న రక్తనాళం మాత్రం చూపు చెడగొడుతుంది. చెవి కాలువ చర్మంలోని ఆర్నాల్డ్ నరం, గొంతుకూ గుండెకూ వెళ్లే వేగస్ నరానికి శాఖ. దాన్ని కదిపితే దగ్గు వస్తుంది, అప్పుడప్పుడు నాడి నెమ్మదిస్తుంది. మెలకువగా ఉన్న రోగి చెవిలో ఎండోస్కోపు ఉండగా దగ్గొస్తే ఏమవుతుందో పైన చెప్పాం.

నరం మానిటర్ పెట్టాం కాబట్టి భయం లేదన్న మాట కూడా వింటుంటాం. కంటి చుట్టూ, నోటి చుట్టూ ఉన్న కండరాల్లో సూదులు గుచ్చి, నరం కదిలినప్పుడు చప్పుడు చేసే యంత్రం ఇది. మంచి తోడు, కానీ దాని హద్దులు ఎరగాలి. కండరాలను సడలించే మందు ప్రభావం ఉంటే అది మూగబోతుంది. కాబట్టి శ్వాస గొట్టం వేశాక ఆ మందు మళ్లీ ఇవ్వకూడదని ముందే చెప్పాలి. కాటరీ వాడే క్షణాల్లో యంత్రం దానంతట అదే నోరు మూసుకుంటుంది. సరిగ్గా కాల్చేటప్పుడే హెచ్చరిక ఉండదన్నమాట. స్థానిక మత్తు నరం దాకా పాకితే జవాబు రాదు. సూది దగ్గర చర్మం మీద తట్టి చప్పుడు వచ్చిందని సరిపెట్టుకుంటారు చాలామంది. అది తీగలు కలిశాయని మాత్రమే చెబుతుంది, నరం పనిచేస్తోందని చెప్పదు. నరాన్ని గుర్తించాక ప్రోబ్‌తో కొద్దిపాటి విద్యుత్తు ఇచ్చి కండరం కదలిక చూడటమే అసలు పరీక్ష. పని ముగిశాక, పనిచేసిన చోటికి మెదడు వైపున్న భాగంలో ప్రేరేపించి అదే జవాబు వస్తే అక్కడి నుంచి నరం పొడవునా బాగున్నట్టే.

ఆపరేషన్ తర్వాత మొదటి గంట గురించి కాస్త వివరంగా చెబుతాం, ఎందుకంటే ఆలస్యం ఇక్కడే జరుగుతుంది. నరానికి తగిలిన దెబ్బల్లో చాలా వాటిని చేసిన సర్జనే ఆపరేషన్ సమయంలో గుర్తించడు. కాబట్టి మెలకువ రాగానే, కట్టు కట్టినా సరే, రోగి చేత కళ్లు గట్టిగా మూయించాలి, కనుబొమలు ఎత్తించాలి, పళ్లు చూపించమనాలి. ఏ సమయానికి ఎలా ఉందో గడియారం చూసి రాయాలి. ఆ ఒక్క వరస మీదే తర్వాతి నిర్ణయాలన్నీ ఆధారపడతాయి.

మెలకువ వచ్చేసరికే మూతి వంకరగా ఉంటే మొదట అనుమానించాల్సింది స్థానిక మత్తు. లిగ్నోకెయిన్ కొన్ని గంటల్లో దిగిపోతుంది, బుపివకెయిన్ అయితే ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. ఈలోగా చెవిలో గట్టిగా కుక్కిన ప్యాకింగ్ ఉంటే వదులు చెయ్యాలి. కప్పు లేని నరం మీద అదే నొక్కుతూ ఉండొచ్చు. మత్తు పూర్తిగా దిగాక కూడా సగం ముఖం కొంచెం కూడా కదలకపోతే, ఆపరేషన్‌లో నరాన్ని కళ్లారా చూసి బాగుందని సర్జన్ కచ్చితంగా చెప్పలేకపోతే, మళ్లీ తెరిచి చూడాలి. వీలైతే వేరే అనుభవజ్ఞుడి చేత. సిగ్గుకు ఇది చోటు కాదు. తెగిన నరం అవతలి ముక్క సుమారు 72 గంటల దాకా విద్యుత్తుకు స్పందిస్తుంది, ఆ లోపు వెళ్తే కొసలు వెతకడం సులువు. నలిగి వాచి ఉంటే రెండు వైపులా కొన్ని మిల్లీమీటర్ల మేర ఎముక కప్పు తీసి వదులు చేస్తారు. సగానికి పైగా తెగి ఉంటే కొసలు లాగుడు లేకుండా కలపాలి. అందకపోతే మెడలోంచి చెవి చర్మానికి వెళ్లే స్పర్శ నరం ముక్కను మధ్యలో అతకాలి. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి మొదటి కదలిక కనబడటానికే నెలలు పడుతుంది. అతుకు వేసిన ముఖం, ఎంత బాగా కుదిరినా, 6 మెట్లున్న హౌస్–బ్రాక్‌మన్ కొలతలో (1 అంటే మామూలు ముఖం, 6 అంటే పూర్తిగా పడిపోయిన ముఖం) సాధారణంగా 3వ మెట్టును దాటి ముందుకు రాదు. అంటే కన్ను మూసుకుంటుంది, కానీ నవ్వినప్పుడు కన్ను కూడా కలిసి ముడుచుకుంటుంది.

మొదట బాగానే ఉండి కొన్ని రోజుల తర్వాత మూతి వంకర పోతే అది వేరే కథ. నరం తెగలేదని మొదటి గంటలో రాసిన వరసే సాక్ష్యం. వాపు వల్లో, నరంలో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ జాతి వైరస్ మేల్కొనడం వల్లో ఇలా జరుగుతుంది. మధుమేహం, కడుపు పుండ్లు వంటి అడ్డంకులు చూసుకుని, కిలో బరువుకు 1 మిల్లీగ్రాము లెక్కన ప్రెడ్నిసలోన్ ఇస్తారు. కొందరు వైరస్ మందు జోడిస్తారు. ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. ముఖం పూర్తిగా పడిపోతే నరం విద్యుత్ పరీక్ష 3వ రోజు తర్వాత చేయించాలి. అంతకు ముందు చేస్తే తెగిన నరం కూడా బాగున్నట్టే చూపిస్తుంది.

ఏ కారణమైనా సరే, కన్ను పూర్తిగా మూసుకోనంత కాలం దాన్ని కాపాడుకోవాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకో రెండు గంటలకో కృత్రిమ కన్నీటి చుక్కలు, పడుకునేటప్పుడు కంటి ఆయింట్‌మెంట్ వేసి రెప్ప మూసి టేపు అంటించడం, బయట గాలికి కళ్లద్దాలు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నరం కోలుకున్నా కంటి నల్లగుడ్డు మీద పడ్డ మచ్చ పోదు.

ఆపరేషన్‌కు వెళ్లే పాఠకులు సర్జన్‌ను అడగదగ్గవి ఇవీ: సమ్మతి పత్రంలో ముఖం, రుచి రెండూ రాశారా, అదీ మాకు చదవడం వచ్చిన భాషలో రాశారా? ఇది మొదటి ఆపరేషనా, లోగడ చేసిన చెవినే మళ్లీ తెరుస్తున్నారా? మళ్లీ తెరిచే చెవిలో గుర్తులు చెరిగిపోయి ఉంటాయి గనక ప్రమాదం పెరుగుతుంది. అవసరమైతే మైక్రోస్కోపుకు మారే ఏర్పాటు అదే గదిలో ఉందా? ఆపరేషన్ అయ్యాక నా ముఖాన్ని ఎవరు, ఎప్పుడు పరీక్షిస్తారు? రోగులు కూడా ఆపరేషన్‌కు ముందు రోజు కళ్లు మూసి, నుదురు ముడిచి, నవ్వుతూ ఒక చిన్న వీడియో తీసుకుని ఉంచుకుంటే మంచిది. కొందరి మూతి ముందు నుంచే కాస్త ఓ పక్కకి ఉంటుంది, ఆ తేడా ఆపరేషన్ వల్ల వచ్చిందా కాదా అన్న తగువు అక్కడితో తెగిపోతుంది.

ఆరోగ్యం పేజీల్లో ఇకముందు ఈ పద్ధతి గురించి రాసేటప్పుడు, కోత లేదన్న మాట పక్కనే రుచి నరం, ముఖ నరం పేర్లు కూడా ఒక వాక్యంలో చేర్చమని మా మనవి.

— చెవి శస్త్రచికిత్సలు చేసే ఇద్దరు వైద్యులు